ఆన్‌లైన్ క్లాసు ఫోనే కేసులో సాక్ష్యం అయితే ఏం చేయాలి?

లంక మాస్టారు | 18 ఆగస్టు 2021, రాత్రి 9:40

మొన్న 16న బడులు తెరిచారు కదండీ. మాది కోనసీమలో ఒక లంక ఊరి హైస్కూలు. కొందరు పిల్లలు ఇంకా రాలేదు. నీళ్ళు ఇంకా పూర్తిగా తీయలేదు, అందుకే అనుకున్నాను. కానీ ఒక అమ్మాయి గురించి అడిగితే మిగతా ఆడపిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను.

తల్లి గల్ఫ్‌లో ఉంది. పిల్లనీ, తమ్ముణ్ణీ అమ్మమ్మ సాకుతోంది. తల్లి పంపిన డబ్బుతో కొన్న ఫోను ఇంటికంతటికీ ఒక్కటే. ఏడాదిన్నరగా బడంటే ఆ ఫోనే. పొద్దున తమ్ముడికి, సాయంత్రం అక్కకి. మే నెలలో ఎవరో "నాదీ నీ క్లాసే" అంటూ ఆడపిల్ల పేరుతో పరిచయమయ్యారట. ముందు హోంవర్కు కబుర్లు, తరవాత ఫొటోలు అడగడం, ఆ తరవాత బెదిరింపు. అంతకు మించి ఇక్కడ రాయను. విషయం తెలిసిన రోజున మామ్మగారు ఫోనుని సెంటర్లో సెల్ షాపుకి పట్టుకెళ్ళి మొత్తం తుడిపించేశారు.

ఆవిడ నన్ను అడిగినవి రెండే. "కేసు పెడితే పిల్ల పేరు బయటికొస్తుందా మాస్టారూ?" ఇది మొదటిది. "పోలీసులు ఫోను పట్టుకుపోతే, మూడో వేవ్ వచ్చి బడి మళ్ళీ మూసేస్తే చిన్నోడి పాఠాలెలా?" ఇది రెండోది. మొదటిదానికి ఏదో తెలిసినంత చెప్పాను. రెండోదానికి నోరు పెగల్లేదు.

అన్నీ తుడిచేశాక అసలు కేసు నిలుస్తుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

నిర్వాహకుడు | 18 ఆగస్టు 2021, రాత్రి 10:05

మాస్టారూ, మీ పోస్టులో ఊరి పేరు, అమ్మాయి తరగతి తీసేశాను. ఏమీ అనుకోకండి. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం పేరు ఒక్కటి దాస్తే చాలదు. బడి, పేట, కుటుంబ వివరాలు, ఏది చూసి పిల్ల ఎవరో పోల్చుకోగలిగినా తప్పే. తప్పితే ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది దాకా జైలు. జవాబులిచ్చేవాళ్ళు కూడా "మా పక్కూళ్ళో ఫలానా వాళ్ళమ్మాయి" అని మొదలుపెట్టొద్దని మనవి.

పాలకొల్లు బాబాయి | 18 ఆగస్టు 2021, రాత్రి 10:31

అసలు పిల్లల చేతికి ఫోన్లు ఇవ్వడమే తప్పు. మా రోజుల్లో పలకా బలపంతో చదువుకోలేదా? మాస్టారూ, ఆ వెధవ పంపిన మెసేజులు ఎవరి ఫోన్లోనైనా మిగిలి ఉంటే, ఫొటోలతో సహా నాకు పంపించండి. మా తోడల్లుడు డిపార్ట్‌మెంట్లోనే ఉన్నాడు, చూపిస్తాను.

కోర్టు మెట్లు | 18 ఆగస్టు 2021, రాత్రి 10:38

బాబాయ్ గారూ, ఆ పని మాత్రం కలలో కూడా చేయకండి. మాస్టారూ, మీరూ పంపకండి. మంచి ఉద్దేశంతో పంపినా సరే, పిల్లల అలాంటి బొమ్మ ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి వెళ్ళడమే ఐటీ చట్టం 67బి కిందికి వచ్చే పని. మొదటిసారికి ఐదేళ్ళ దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. ఖాతా పేరు, లింకు, ఫోన్ నంబరు, బెదిరించిన మాటలు, తేదీ, టైము కాగితం మీద రాసిపెట్టుకోవచ్చు. బొమ్మలున్న స్క్రీన్‌షాట్ మాత్రం ముట్టుకోవద్దు.

మిగతాది రేపు వివరంగా రాస్తాను. పొద్దున్నే వాయిదా ఉంది.

లంక మాస్టారు | 18 ఆగస్టు 2021, రాత్రి 10:52

బాబాయ్ గారూ, సరదాకి ఇచ్చిన ఫోన్లు కాదండీ. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చేవి, నిజమే. కరెంటు ఉన్నప్పుడు, టీవీ ఉన్న ఇంట్లో. మిగతావన్నీ వాట్సాప్ గ్రూపులోనే పంపాం. వర్క్‌షీట్ నింపి ఫొటో తీసి పెట్టమన్నది నేనే. ఫొటో తీసి పంపడం ఆ పిల్లకి అలవాటు చేసింది నేనే అని సాయంత్రం నుంచీ మనసులో గుచ్చుతోంది.

కోర్టు మెట్లు | 19 ఆగస్టు 2021, సాయంత్రం 6:15

మాస్టారూ, ముందు మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. నిన్న సాయంత్రం మీకు విషయం తెలిసింది. ఆ క్షణం నుంచి పోలీసులకు చెప్పాల్సిన బాధ్యత మీ మీద కూడా ఉంది. పోక్సో 19వ సెక్షన్ "ఎవరికైనా" అంటుంది. టీచరు, డాక్టరు, పక్కింటివాళ్ళు, ఎవరైనా సరే. తెలిసీ చెప్పకపోతే 21 కింద ఆరు నెలల దాకా జైలు. తన కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని సంస్థ పెద్ద దాచిపెడితే ఏడాది దాకా. మామ్మగారు ఒప్పుకుంటేనే చెబుతాననడానికి లేదు.

ఇక తుడిచేసిన సంగతి. ఫోన్లో పోయింది కాబట్టి లోకంలోనే పోయిందని కాదు. అవతలివాడి ఖాతా ఏ నంబరు మీద తెరిచారు, ఏ ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) నుంచి వాడారు అనే వివరాలు కంపెనీ దగ్గర ఉంటాయి. ఈ ఫిబ్రవరి 25న వచ్చిన ఐటీ రూల్స్ ప్రకారం, ఫిర్యాదు మీద తీసేసిన సమాచారాన్ని కంపెనీ 180 రోజులు దాచాలి. ఖాతా మూసేసి పోయినవాడి రిజిస్ట్రేషన్ వివరాలకూ అంతే గడువు. అయితే దాన్ని అడగాల్సింది పోలీసులు, అదీ రాతపూర్వకంగా. మే నెల సంగతంటున్నారు, ఇప్పుడు ఆగస్టు. చేతిలో ఉన్న రోజులు లెక్కపెట్టుకోండి.

పిల్ల వాంగ్మూలం కూడా సాక్ష్యమే. బొమ్మని బయటపెడతానని బెదిరించడం పోక్సో 11లోనే ఉంది, దానికి మూడేళ్ళ దాకా. అలాంటి బొమ్మల కోసం పిల్లని వాడుకోవడం 13, 14 సెక్షన్లు. 2019 సవరణ తరవాత దానికి ఐదేళ్ళకు తక్కువ లేదు. ఆమె "ఒప్పుకునే పంపింది" అనే వాదన పద్దెనిమిది నిండని పిల్ల విషయంలో చెల్లదు.

ఒక్కచోట మాత్రం నాకూ గుబులే. తన బొమ్మ తనే తీసిన పిల్లకి 67బిలో మినహాయింపు అని విడిగా రాసిలేదు. బుద్ధున్న అధికారి ఎవడూ ఆమెని ముద్దాయిని చేయడు. కానీ ఊళ్ళో పెద్దమనుషులు ఈ ముక్క ఎక్కడో విని "కేసు పెడితే మీ పిల్లే లోపలికి పోతుంది" అని తల్లులను భయపెట్టడం నేను కళ్ళారా చూశాను.

గోదారి గట్టు | 19 ఆగస్టు 2021, రాత్రి 7:02

దిశ చట్టం ఉందిగా? 21 రోజుల్లో శిక్ష అన్నారు. రాజమండ్రిలో స్టేషన్ కూడా పెట్టారు.

కోర్టు మెట్లు | 19 ఆగస్టు 2021, రాత్రి 7:20

స్టేషన్ ఉంది. రాష్ట్రంలో మొదటి దిశ పోలీస్ స్టేషన్ అక్కడే, 2020 ఫిబ్రవరి 8న ప్రారంభించారు. యాప్ ఉంది, పనిచేస్తోంది. కానీ 2019 డిసెంబరులో అసెంబ్లీ ఆమోదించిన దిశ బిల్లుకి రాష్ట్రపతి ఆమోదం రాలేదు. కాబట్టి ఆ 21 రోజులు చట్టం కాదు. కోర్టులో నడిచేది పోక్సోనే. అందులో పిల్ల సాక్ష్యం 30 రోజుల్లో తీసుకోవాలి, విచారణ వీలైనంతవరకు ఏడాదిలో ముగించాలి. "వీలైనంతవరకు" అన్న మాటలోకి కరోనా మొత్తం దూరిపోయింది.

రిటైర్డ్ ఖాకీ | 19 ఆగస్టు 2021, రాత్రి 9:48

ముప్పై ఏళ్ళకు పైగా సర్వీసు చేసి నిరుడు దిగాను. ప్లీడరు గారు పుస్తకం చెప్పారు, నేను స్టేషన్ చెబుతాను.

మండల స్టేషన్లో ఉండేది ఎస్ఐ. ఐటీ చట్టం సెక్షన్ పడిందంటే 78 ప్రకారం దర్యాప్తు చేయాల్సింది ఇన్‌స్పెక్టర్ ర్యాంకు, అంటే సీఐ. ఆయనకు నాలుగైదు స్టేషన్లు. నిరుడు వేసవిలో ఆ సీఐ ఎక్కడున్నాడు? చెక్‌పోస్టు దగ్గర, రెడ్ జోన్ కర్రల దగ్గర, క్వారంటైన్ సెంటర్ గేటు దగ్గర. మా స్టేషన్లో సగం మందికి పాజిటివ్. ఫిర్యాదుకి వచ్చినవాళ్ళని గేటు బయట కుర్చీలో కూర్చోబెట్టి, ఆరడుగుల దూరం నుంచి గట్టిగా "ఏం జరిగిందమ్మా?" అని అడిగాం. పసిపిల్ల విషయం, రోడ్డు మీద పోయేవాళ్ళు వినేలా. అది నా చేతి మీదుగానే జరిగింది. పోక్సో చట్టం 24లో ఏముంది? పిల్ల ఇంటికో, పిల్ల కోరిన చోటికో వెళ్ళి, యూనిఫాం లేకుండా, వీలైనంతవరకు మహిళా ఎస్ఐ చేత మాట్లాడించాలని. కరోనా వచ్చిందని అది మాఫీ కాలేదు. మేమే పక్కన పెట్టాం.

ఇక ఫోను. మేం సీజ్ చేసేదీ ఫోనే, ల్యాబుకి పంపేదీ ఫోనే, ఇంట్లో పిల్లాడికి చదువు చెప్పేదీ అదే ఫోను. ల్యాబుకి వెళ్తే నెలల తరబడి రాదు. ఛార్జిషీటు మాత్రం ఇలాంటి చాలా కేసుల్లో 60 రోజుల్లో పడాలి. పడకపోతే ముద్దాయికి బెయిలు హక్కుగా వస్తుంది. కరోనా కదా, కోర్టు గడువులన్నీ పొడిగించారు కదా అని మేం అనుకున్నాం. 2020 జూన్‌లో సుప్రీంకోర్టు కాసి కేసులో ఆ పొడిగింపు మీకు వర్తించదు పొమ్మంది. న్యాయం చూస్తే అదే సరైంది. ఇంకో మనిషి స్వేచ్ఛ కదా. కానీ ల్యాబ్ రిపోర్టు రాకుండా, వాడు బయటికొచ్చి మళ్ళీ ఫోన్ పట్టుకుంటుంటే చేతులు కట్టుకుని చూడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మాస్టారూ, మామ్మగారిని ఆ ఫోన్ అట్టపెట్టె, బిల్లు పారేయొద్దని చెప్పండి. పెట్టె మీద ఆ ఫోన్‌ని గుర్తుపట్టే ఐఎంఈఐ నంబరు ఉంటుంది. ఎంత తుడిచినా అది మారదు.

సెల్ పాయింట్ | 19 ఆగస్టు 2021, రాత్రి 11:30

ఇన్నాళ్ళూ చదవడమే గానీ రాయలేదు. నాది భీమవరం వైపు ఒక చిన్న సెల్ రిపేరు షాపు. లాక్‌డౌన్ సడలించాక ఇలాంటివి నా దగ్గరికి వచ్చాయి. తల్లో, నాయనమ్మో వచ్చి, పిల్లని దూరంగా నిలబెట్టి, "అన్నీ తీసేయ్ బాబూ" అంటారు. విషయం అర్థమయ్యేది. ఏమీ అడక్కుండా రీసెట్ కొట్టి వంద రూపాయలు తీసుకునేవాణ్ణి. మంచి పని చేస్తున్నానని అనుకున్నాను. ఇది చదివాక టెన్షన్‌గా ఉంది. నేను కూడా దోషినేనా?

కోర్టు మెట్లు | 20 ఆగస్టు 2021, ఉదయం 7:10

తమ్ముడూ, ఇలాంటివి కంటపడితే పోలీసులకు చెప్పాల్సినవాళ్ళ జాబితాగా పోక్సో 20వ సెక్షన్లో హోటళ్ళు, లాడ్జీలు, ఆసుపత్రులు, స్టూడియోలు, ఫొటోలు తీసే చోట్లు అని ఉంది. సెల్ షాపు అందులోకి వస్తుందా అన్నది వాదించుకోవచ్చు. 19 మాత్రం అందరికీ ఉంది. ఇకమీదట ఎవరైనా అలా వస్తే తుడవకండి. ఫోన్ ఆఫ్ చేసి, "అమ్మా, ఇది ఉంటేనే వాడు దొరుకుతాడు" అని చెప్పి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ కలిపి ఇవ్వండి. పొరపాటున కూడా బ్యాకప్ అని మీ కంప్యూటర్లోకి ఎక్కించకండి. అప్పుడు నిజంగానే దోషి అవుతారు.

సెల్ పాయింట్ | 20 ఆగస్టు 2021, ఉదయం 7:25

సరే అన్నా. ఇవాళే కౌంటర్ మీద 1098 అని అతికిస్తాను.

మస్కట్ నుంచి అమ్మ | 20 ఆగస్టు 2021, ఉదయం 8:45

నేను ఆ పిల్ల తల్లిని కాదు. కానీ నాకూ ఒక కూతురు, మా అత్తగారి దగ్గర రాజోలు వైపు ఉంది. ఇక్కడ నాలుగిళ్ళలో పని. రెండేళ్ళయింది మొహం చూసి, విమానాలు లేక. దాన్ని చూడటానికి నాకున్న కిటికీ ఆ ఫోనే. ఇవన్నీ చదివాక ఫోన్ తీసేయమంటే నేను దాన్ని ఎలా చూసుకోను? ఉంచమంటే ఎలా నిద్రపోను?

నాకు ఒక్క ముక్క చెప్పండి. అలాంటిదేదైనా జరిగితే నేను ఇక్కడి నుంచి కేసు పెట్టొచ్చా? అత్తగారికి చదువు రాదు, స్టేషన్ గడప తొక్కరు.

కోర్టు మెట్లు | 20 ఆగస్టు 2021, సాయంత్రం 6:40

పెట్టొచ్చమ్మా. పోక్సోలో ఫిర్యాదుదారు పక్కనే ఉండాలని లేదు, రక్తసంబంధం ఉండాలనీ లేదు. కేంద్రం నడిపే సైబర్ క్రైమ్ పోర్టల్లో ఆడవాళ్ళ, పిల్లల విషయాలకు విడిగా ఒక భాగం ఉంది. పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు. అయితే పేరు చెప్పకుండా ఇస్తే దాని వెంట ఎవరూ తిరగరు. మీరు పేరు ఇచ్చి, మీ ఊరి సచివాలయంలో మహిళా పోలీసు నంబరు కూడా దగ్గర పెట్టుకోండి. అత్తగారి దగ్గరికి నడిచి వెళ్ళగలిగేది ఆ అమ్మాయే.

యానాం కుర్రోడు | 20 ఆగస్టు 2021, రాత్రి 9:15

మా సంగతి ఇంకా చిత్రం. మేం పుదుచ్చేరి. మా హైకోర్టు మద్రాసు. వంతెన దాటితే ఎదుర్లంక, అది ఆంధ్రా. నిరుడు నాకు తెలిసిన ఒకింట్లో పిల్లాడికి గేమ్ చాట్‌లో ఇలాంటిదే జరిగింది. ఆన్‌లైన్ ట్యూషన్ చెప్పే సంస్థ అవతలి ఒడ్డున, ఇల్లు ఇవతల, బెదిరించినవాడు ఎక్కడో. ఇవతల అడిగితే అవతలికి పొమ్మన్నారు, అవతల అడిగితే ఇవతలికి. లాక్‌డౌన్‌లో చెక్‌పోస్టు దగ్గర ఆపేస్తుంటే ఎన్నిసార్లు తిరుగుతారు? మానుకున్నారు. అవును, మగపిల్లాడే. మగపిల్లాడికి కూడా ఈ చట్టం ఉందన్న సంగతి స్టేషన్లో ఒకాయనకి మేమే చెప్పాల్సి వచ్చింది.

రిటైర్డ్ ఖాకీ | 20 ఆగస్టు 2021, రాత్రి 9:50

జీరో ఎఫ్ఐఆర్ అని ఒకటి ఉంది బాబూ. ఏ స్టేషన్లోనైనా కట్టి, తరవాత వాళ్ళే సరైన చోటికి బదిలీ చేయాలి. పరిధి కాదని తిప్పి పంపడం తప్పు. మావాళ్ళు తప్పు చేశారు, ఏ ఒడ్డువాళ్ళయినా.

పాలకొల్లు బాబాయి | 21 ఆగస్టు 2021, ఉదయం 6:30

మొన్న రాసినదానికి ఏమీ అనుకోకండి మాస్టారూ. మా మనవరాలి ఫోన్ చూద్దామని అడిగితే ఇవ్వలేదు. పెద్ద గొడవైంది. అయినా ఒక మాట. పెద్దల్లో పెట్టి, వాడెవడో తెలిస్తే నాలుగు తగిలించి, ఇంకెప్పుడూ జోలికి రానని రాయించుకుంటే పిల్ల పరువు దక్కుతుంది కదా? కోర్టులో ఎన్నేళ్ళు?

గోదారి గట్టు | 21 ఆగస్టు 2021, ఉదయం 7:45

బాబాయ్ గారూ, రాయించుకున్న కాగితం మీ దగ్గర ఉంటుంది. బొమ్మ వాడి దగ్గర ఉంటుంది. ఎవరిది ఎక్కువ బరువు?

కోర్టు మెట్లు | 21 ఆగస్టు 2021, ఉదయం 8:20

పైగా పోక్సో నేరాలు రాజీ చేసుకునేవి కావు. పంచాయితీలో కూర్చున్న ప్రతి పెద్దమనిషికీ విషయం తెలిసినట్టే, అంటే 19, 21 వాళ్ళ మెడకీ చుట్టుకుంటాయి.

చేసినవాడు కూడా పదహారేళ్ళ కుర్రాడయితే మరో చిక్కు. నిరుడు మే నెలలో ఢిల్లీలో "బాయిస్ లాకర్ రూమ్" అని ఇన్‌స్టాగ్రామ్ గ్రూపు గొడవ వచ్చింది కదా, అందులో కొందరు మైనర్లే. అలాంటివాళ్ళు జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు వెళ్తారు. వాళ్ళ పేర్లు కూడా బయటపెట్టకూడదు. మనవాళ్ళకి ఇది మింగుడుపడదు, కానీ చట్టం ఇద్దరినీ పిల్లలుగానే చూస్తుంది.

కోడ్ రాసే నరసాపురం | 21 ఆగస్టు 2021, మధ్యాహ్నం 1:10

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఏడాదిగా ఇంటి నుంచే పని. ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. అమెరికాలో ఎన్‌సీఎంఈసీ అని పిల్లల రక్షణ సంస్థ ఉంది. పెద్ద కంపెనీలు తమ దగ్గర దొరికిన ఇలాంటి బొమ్మల సమాచారం దానికి ఇవ్వాలి. 2020లో దానికి 2 కోట్ల 17 లక్షల రిపోర్టులు వచ్చాయి. అందులో సుమారు 27 లక్షలు మన దేశానికి సంబంధించినవి. 2019 ఏప్రిల్‌లో మన దేశంలో నేరాల లెక్కలు చూసే ఎన్‌సీఆర్‌బీ వాళ్ళతో ఒప్పందం చేసుకుంది. అప్పటి నుంచి అవి ఇక్కడికి వచ్చి, రాష్ట్రాలకి, అక్కడి నుంచి జిల్లాలకి వెళ్తాయి. 27 లక్షలంటే 27 లక్షల నేరగాళ్ళు కాదు. ఒకే వీడియో వేల మంది పంచుకున్నా వేల రిపోర్టులే. అయినా మన సీఐ గారికి నాలుగైదు స్టేషన్లని పైన రాశారు కదా, ఆ లెక్కతో కలిపి చూసుకోండి.

అసలు చిక్కు వాట్సాప్ లాంటివాటిలో. పంపినవాడు, అందుకున్నవాడు తప్ప కంపెనీకి కూడా చదవడం వీలు కాదు. మొదట పంపిందెవరో చెప్పాలని ఫిబ్రవరి రూల్స్‌లో పెట్టారు. పిల్లల బొమ్మల కేసులు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. మే నెలలో వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళింది, అలా చేస్తే అందరి రహస్యమూ పోతుందని. నాకు వాళ్ళ వాదన సబబుగానే అనిపిస్తుంది. తాళం ఒకరి కోసం విరగ్గొడితే అది అందరికీ విరిగిన తాళమే.

రిటైర్డ్ ఖాకీ | 21 ఆగస్టు 2021, మధ్యాహ్నం 2:30

మీ తాళం గొడవ మీకు బాగానే ఉంటుంది బాబూ. ఆ పిల్ల బొమ్మ తాళం వెనకాల తిరుగుతోంది.

కోడ్ రాసే నరసాపురం | 21 ఆగస్టు 2021, మధ్యాహ్నం 2:41

అదే మస్కట్ అక్క వాళ్ళ అమ్మాయితో మాట్లాడే వీడియో కాల్ కూడా ఆ తాళం వెనకే ఉంది గురువుగారూ. తీసిన తాళం మంచివాళ్ళకే తెరుచుకోదు. ఈ కేసులో కావాల్సింది వాడి నంబరు, ఖాతా వివరాలే. అవి అడగడానికి తాళం విరగ్గొట్టక్కర్లేదు. అడగాల్సినవాళ్ళు అడగాలి.

నిర్వాహకుడు | 21 ఆగస్టు 2021, సాయంత్రం 4:00

తాళం మీద విడిగా ఇంకో చర్చ పెట్టుకోండి. ఇక్కడ మాస్టారి ప్రశ్న ఫోను గురించి.

కోర్టు మెట్లు | 21 ఆగస్టు 2021, రాత్రి 8:30

అవును, ఆ రెండో ప్రశ్నకి ఇంకా ఎవరమూ జవాబు చెప్పలేదు. దాని గురించి రెండు రోజులుగా పుస్తకాలు తిప్పాను.

ఫోన్ ఇవ్వకుండా కాపీలు, ప్రింట్లు ఇస్తే సరిపోదా అంటే, 2020 జులై 14న సుప్రీంకోర్టు అర్జున్ పండిత్‌రావు కేసులో తేల్చేసింది. కాపీ ఇస్తే, అది ఏ పరికరం నుంచి ఎలా తీశారో చెప్పే సాక్ష్యాధార చట్టం 65బి సర్టిఫికెట్ ఉండి తీరాలి. అసలు పరికరమే కోర్టు ముందు పెట్టి, దాని యజమాని సాక్ష్యం చెబితే సర్టిఫికెట్ అక్కర్లేదు. అంటే మామ్మగారికి రెండే దారులు. ఒక దారిలో చదవలేని కాగితం మీద వేలిముద్ర. ఇంకో దారిలో ఫోను. ల్యాబులో తుడిచిన ఫోన్ నుంచి ఏదైనా వెలికి తీయాలన్నా అసలు ఫోనే కావాలి. కాబట్టి ఫోన్ ఇవ్వక తప్పదు.

అయితే ఒక దారి కనపడింది. పోక్సో రూల్స్ 2020 అని కొత్తవి వచ్చాయి. మార్చి 9న అమల్లోకి వచ్చాయి, సరిగ్గా లాక్‌డౌన్‌కి 16 రోజుల ముందు. ఆ గోలలో వాటిని ఎవరూ తెరిచి చదివినట్టు లేరు. అందులో ఎనిమిదో రూల్ ప్రకారం తిండి, బట్టలు, ప్రయాణం, ఇతర అత్యవసరాలకు బాలల సంక్షేమ కమిటీ వెంటనే డబ్బు ఇప్పించమని సిఫారసు చేయొచ్చు. ఫోన్ అని రాసిలేదు. కానీ బడే ఫోన్లో ఉన్నప్పుడు ఫోన్ కన్నా అత్యవసరం ఏముంది? ఎఫ్ఐఆర్ అయిన 24 గంటల్లో పోలీసులు కమిటీకి చెప్పాలి ఎలాగూ. మాస్టారూ, కమిటీ పేరున అర్జీ నేను రాసిస్తాను. కేసు నడిచినంత కాలం పిల్ల వెంట ఉండే సహాయక వ్యక్తిని కూడా అందులోనే అడుగుదాం. చట్టంలో ఉంది, మన జిల్లాలో నేను ఇంతవరకు ఒక్కర్ని చూశాను.

లంక మాస్టారు | 12 సెప్టెంబరు 2021, రాత్రి 9:05

వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాను.

నేనే ఫిర్యాదు ఇచ్చాను. సీఐ గారు, ఒక మహిళా ఎస్ఐ మామూలు బట్టల్లో ఇంటికొచ్చారు. పేటలో వాళ్ళు ఎల్ఐసీ వాళ్ళనుకున్నారు, అదీ మంచిదే అయింది. పిల్ల ముందు గంటసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ ఎస్ఐ గారు పెరట్లో జామచెట్టు కింద కూర్చుని వాళ్ళ అమ్మాయి గురించి ఏదో చెబుతుంటే, అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది. ఫోన్ సీజ్ చేసి కవర్లో పెట్టి సంతకాలు తీసుకున్నారు. చిన్నోడు ఆ కవరు వంకే చూస్తున్నాడు.

అర్జీ పెట్టాం. జవాబు ఇంకా రాలేదు. ఈలోగా మా స్టాఫ్ రూములో నలుగురం వేసుకుని ఒక పాత ఫోన్ కొన్నాం. అమ్మింది సెల్ పాయింట్ తమ్ముడే, బ్యాటరీకి డబ్బు తీసుకోలేదు.

పిల్ల బడికి వస్తోంది. ఆఖరి బెంచీలో కూర్చుంటోంది.

కోడ్ రాసే నరసాపురం | 18 నవంబరు 2021, రాత్రి 10:20

ఎన్‌సీఆర్‌బీ 2020 లెక్కలు పేపర్లలో వచ్చాయి. పిల్లల మీద సైబర్ నేరాలు 2019లో 164 కేసులు, 2020లో 842. అందులో 738 పిల్లల అశ్లీల బొమ్మలు ప్రచురించడం, పంపడం గురించినవే. నాలుగు వందల శాతానికి పైగా పెరిగాయని హెడ్డింగులు. నాకు మాత్రం ఈ 842ని ఆ 27 లక్షల పక్కన పెడితే కళ్ళు తిరుగుతున్నాయి. రెండు రోజుల కింద సీబీఐ కూడా 14 రాష్ట్రాల్లో సోదాలు చేసింది, మన రాష్ట్రం ఉంది అందులో.

రిటైర్డ్ ఖాకీ | 18 నవంబరు 2021, రాత్రి 10:55

కేసులు పెరిగాయంటే కొంత నేరం పెరగడం, కొంత కట్టడం పెరగడం. 164 అన్న ఏడాది బాగున్నామని నేను ఒప్పుకోను. ఆ ఏడాది నేను సర్వీసులోనే ఉన్నాను.

గోదారి గట్టు | 6 అక్టోబరు 2024, సాయంత్రం 5:30

పాత చర్చని పైకి తెస్తున్నందుకు క్షమించండి. పిల్లల అశ్లీల బొమ్మలు దాచుకోవడం మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది కదా, ప్లీడరు గారు ఏమంటారో అని.

కోర్టు మెట్లు | 6 అక్టోబరు 2024, రాత్రి 9:00

సెప్టెంబరు 23న వచ్చింది. ఈ జనవరిలో మద్రాసు హైకోర్టు, డౌన్‌లోడ్ చేసుకుని చూసినంత మాత్రాన నేరం కాదని ఒకరి మీద కేసు కొట్టేసింది. సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. పంచే ఉద్దేశంతో, తుడవకుండా, చెప్పకుండా దాచుకుంటే పోక్సో 15వ సెక్షన్ కింద నేరమే, నిజంగా పంచేదాకా ఆగక్కర్లేదంది. "చైల్డ్ పోర్నోగ్రఫీ" అన్న మాట కోర్టుల్లో వాడొద్దని కూడా అంది. అది బొమ్మ కాదు, పిల్ల మీద జరిగిన నేరానికి రికార్డు అని దాని భావం. యానాం తమ్ముడు ఉంటే వినాలి, మీ హైకోర్టు తీర్పే.

జులై 1 నుంచి కొత్త చట్టాలు. సాక్ష్యాధార చట్టం 65బి పోయి, కొత్త సాక్ష్య చట్టంలో 63 వచ్చింది. ఇప్పుడు సర్టిఫికెట్‌కి రెండు భాగాలు, రెండోదాని మీద నిపుణుడి సంతకం కావాలి. మామ్మగారి వేలిముద్ర దారి ఇంకా ఇరుకైంది. సీజ్ చేసేటప్పుడు వీడియో తీయాలన్నది మాత్రం మంచి మార్పు.

మైనరు బొమ్మ బయట తిరుగుతుందని భయమున్నవాళ్ళకి ఇంకొకటి. "టేక్ ఇట్ డౌన్" అని ఎన్‌సీఎంఈసీ వాళ్ళదే సేవ ఉంది. బొమ్మ ఎవరికీ పంపక్కర్లేదు. ఫోన్లోనే దానికి వేలిముద్ర లాంటి నంబరు తయారై, ఆ నంబరు మాత్రమే వెళ్తుంది. చేరిన కంపెనీలు దాన్ని పట్టుకుని తీసేస్తాయి.

మస్కట్ నుంచి అమ్మ | 7 అక్టోబరు 2024, ఉదయం 8:10

నేను వచ్చేశానండీ, ఇప్పుడు రాజోలులోనే. పేరు మార్చుకోవడం చేతకాక అలాగే ఉంచాను. మాస్టారూ, ఆ పిల్ల ఎలా ఉంది?

లంక మాస్టారు | 7 అక్టోబరు 2024, రాత్రి 9:30

చదువుకుంటోందమ్మా, వేరే ఊళ్ళో. అంతకన్నా చెప్పను, నిర్వాహకుడు గారు తీసేస్తారు.

వాడు దొరికాడు. వేరే రాష్ట్రం. సిమ్ము వాళ్ళ దూరపు బంధువు పేరు మీద ఉంది. ఈ ఒక్క పిల్లే కాదట. కంపెనీ నుంచి వివరాలు వచ్చేసరికే నెలలు పట్టాయి, ఆ తరవాత ల్యాబు, ఆ తరవాత వాయిదాలు. పిల్ల సాక్ష్యం అయింది, తెర అడ్డం పెట్టి, జడ్జి గారి ద్వారానే ప్రశ్నలు అడిగించారు. తీర్పు ఇంకా రాలేదు.

ఎనిమిదో రూల్ అర్జీకి ఎనిమిది నెలల తరవాత జవాబు వచ్చింది, రవాణా ఖర్చులు మంజూరు చేస్తూ. ఫోన్ సంగతి అందులో లేదు. అప్పటికి చిన్నోడి చదువు మా పాత ఫోన్ మీదే గడిచిపోయింది.

మొన్న మామ్మగారు కనపడ్డారు. ఖాకీ గారు చెప్పారని అట్టపెట్టె, బిల్లు ఇంకా బియ్యం డబ్బా మీద దాచే ఉంచారు. "కోర్టువాళ్ళు ఫోను ఎప్పుడిస్తారు బాబూ, దీంట్లో పెట్టి ఇస్తారా, పెట్టె నేను తీసుకెళ్ళాలా?" అని అడిగారు.